పాటల్లేని ఆటలు

ఆగస్టు 24, 2025, ఆదివారం. ప్రొద్దుటూరు

డీటీపీ అన్న కొట్టు ఎత్తేస్తాండాడు. కొడుకు బెంగుళూరుకు రమ్మన్నాడంట. పెండ్లిపత్రికలు, కర్మంతరం కార్డులు, ఎన్నికల కరపత్రాలు, ఇరవై ఏండ్లకు పైగా అన్నీ ఒకే మిషన్ మీద కొట్టినాడు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, అంతే. అడోబీ వాళ్లు 2001లో వచ్చిన ఏడో వెర్షన్‌తో పేజ్‌మేకర్‌ను ఆపేసినారు. మన ప్రెస్సులు ఆపలేదు. మా ఊర్లో పాత మిషన్లు ఇంకా బతికున్నాయంటే వాటి మీద మమకారంతో కాదు. పాత ఫైలు కొత్తదాంట్లో తెరిస్తే పెండ్లికొడుకు పేరు చెదిరిపోతుందేమోనన్న భయంతో.

పాతసామాన్ల బండికి వేసేలోపే పోయి, నా పాత ఆటల కోసం ఆ మిషన్‌ను అడిగినా. "తీస్కపో సామీ, దీన్ని నేను యాడికి మోస్తా" అన్నాడు. మానిటర్ మాత్రం ముందే ఎవరో పట్టుకపోయినారు.

పెంటియం-3, 500 మెగాహెర్ట్జ్. ఇంటెల్ 440బీఎక్స్ బోర్డు. నా కన్ను ప్రాసెసర్ మీద లేదు, బోర్డు అంచున ఉన్న నల్లటి పొడుగు స్లాటు మీద ఉంది. ఐఎస్‌ఏ స్లాటు. డాస్ ఆటలు సౌండ్‌కార్డును నేరుగా నంబర్లతో పిలుస్తాయి: పోర్టు 220, ఇంటరప్ట్ 5, డీఎంఏ 1. ఆ పిలుపుకు వెంటనే పలికేది ఐఎస్‌ఏ సౌండ్‌బ్లాస్టర్. తర్వాతి బోర్డుల్లో ఆ స్లాటే లేదు. బోర్డు మీదనే అతికించిన సౌండ్ చిప్పు విండోస్‌లో మాట్లాడుతుంది, డాస్‌లోకి పోతే నోరు మూస్తుంది.

ఆగస్టు 27, బుధవారం

వినాయకుని పూజ అయినాక మూత తీసినా. దుమ్ము, బల్లిగుడ్డు పెంకులు, ఒక గుండుసూది. బయోస్ బ్యాటరీ చచ్చిపోయింది. అది సీఆర్2032, గడియారాల కొట్టులో కూడా దొరుకుతుంది. అసలు రోగం అది కాదు. ఆన్ చేస్తే ఫ్యాను తిరిగి ఆగిపోతాంది. ప్రాసెసర్ పక్కనున్న కెపాసిటర్లలో కొన్నిటికి నెత్తి ఉబ్బింది.

కెపాసిటర్ ఆయుస్సుకు ఒక మోటు లెక్క ఉంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుస్సు సగమైపోతుంది. మే నెలలో బయటే నలభై మూడు, నలభై నాలుగు కొట్టే ఊరు మాది. ఏసీ లేని కొట్టులో, డబ్బా లోపల, పొద్దుమూకులూ ఆన్‌లో ఉన్న మిషన్. దీన్ని చంపింది వయసు కాదు, కడప ఎండ. ఇదే బోర్డు బెంగుళూరులో ఉండింటే ఇంకొన్నేండ్లు దిగులు లేకుండా బతికేది.

సెప్టెంబర్ 3, బుధవారం

రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఇంకా బల్ల మూయలేదు. బోర్డు చూపిస్తే కండ్లద్దాలు పైకి జరిపి, "వెయ్యి మైక్రోఫారడ్‌వి ఉండాయి, ఏసిస్తా" అన్నాడు. వెయ్యి అయితే చాలదు, లో-ఈఎస్‌ఆర్‌వి, లోపలి నిరోధం తక్కువున్నవి కావాల అన్నా. ప్రాసెసర్ సెకనుకు లక్షలసార్లు గుటకలేస్తాది, మామూలు కెపాసిటర్ ఆ వేగానికి వేడెక్కి మళ్లీ ఉబ్బుతాది అని చెప్పినా. ఆయనకు నా పట్టింపు నచ్చింది. డబ్బాలన్నీ వెతికి సరైనవి తీసినాడు. అతుకు పెట్టేటప్పుడు ఆ చెయ్యి వణకలేదు.

ఎస్‌ఎమ్‌పీఎస్ కూడా మార్చినా. రాసుకోవాల్సిన మాట: ఆ కాలపు బోర్డులు భారమంతా 5 వోల్టుల తీగ మీద వేస్తాయి. ఇప్పటి ఎస్‌ఎమ్‌పీఎస్‌లు బలమంతా 12 వోల్టుల తీగకు ఇస్తాయి. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్న వాట్లు కాదు, పట్టికలో 5 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాసినారో అది చూసి కొనాల.

సెప్టెంబర్ 7, ఆదివారం, రాత్రి

ఈ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. గుళ్లు మూసినారు, ఇంట్లో వంటలు పెందలాడే అయిపోయినాయి. నాకు రాత్రంతా ఖాళీ.

పాత హార్డ్‌డిస్కు టక్కుటక్కుమంటాంది. దాన్ని పక్కన పెట్టి, పాత కెమెరాల్లో వాడే కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డును ఒక అడాప్టర్ వేసి ఐడీఈ తీగకు తగిలించినా. ఆ కార్డు లోపల మాట్లాడేది హార్డ్‌డిస్కు మాటలే, బోర్డు తేడా కనిపెట్టలేదు. విండోస్ 98 సెకండ్ ఎడిషన్ ఎక్కింది.

ఉత్సాహం పట్టక మూడు స్లాట్లలోనూ మెమరీ నింపినా, మొత్తం 768 ఎంబీ. విండోస్ మొరాయించింది. ఏమంటాదంటే, మెమరీ చాలదంట! పేదింటికి ఒకేసారి చుట్టాలు దిగినట్టయింది దాని పని. మెమరీ ఎంతుంటే దానికి తగినంత చోటు విండోస్ డిస్కు క్యాష్, అంటే వీక్యాష్, ముందుగానే పట్టేసుకుంటుంది. ఆ చోటుకు ఒక హద్దు ఉంది. 512 ఎంబీ దాటితే మిగతావాళ్లకు నిలబడను చోటుండదు. సిస్టమ్.ఐఎన్ఐ ఫైల్లో మ్యాక్స్‌ఫైల్‌క్యాష్ అని ఒక వరస రాసి తగ్గించొచ్చు. నేను ఆ పని చేయకుండా రెండు స్టిక్కులు పీకేసినా. 1999 ఆటలకు 256 ఎంబీ అంటే జమీందారీ.

బయటికొచ్చి చూస్తే చంద్రుడు ఇటుకరంగులో ఉన్నాడు.

సెప్టెంబర్ 10, బుధవారం

జాజ్ జాక్‌రాబిట్. 1994. పచ్చ కుందేలు, ఎర్ర తలగుడ్డ. తెరవంగానే "రన్‌టైమ్ ఎర్రర్ 200" అని చెప్పి పడిపోయింది.

ఇది ఆట తప్పు కాదు, అది రాసిన టర్బో పాస్కల్‌ది. మొదలుకాంగానే ఆ ప్రోగ్రాం 55 మిల్లీసెకన్లలో ఈ మిషన్ ఎన్నిసార్లు గిర్రున తిరగగలదో లెక్కపెట్టి, వచ్చినదాన్ని 55తో భాగిస్తుంది. రాసినోళ్ల కాలంలో జవాబు పట్టే గిన్నె చిన్నది. ప్రాసెసర్ దాదాపు 200 మెగాహెర్ట్జ్ దాటితే జవాబు గిన్నె దాటి పొర్లుతుంది. మిషన్ మాత్రం సున్నాతో భాగించినారని నింద వేస్తుంది. వేగంగా పరిగెత్తినందుకు శిక్ష.

మందు రెండు రకాలు. ప్రోగ్రాంను సరిచేసే చిన్న ప్యాచ్ ఉంది. లేదా బయోస్‌లోకి పోయి ప్రాసెసర్ లోపలి క్యాష్‌ను ఆపేస్తే పెంటియం-3 కాస్తా 386 వేగానికి దిగిపోతుంది. నేను రెండోదే చేసినా. కుందేలు పరిగెత్తింది. సౌండు లేదు, కార్డింకా దొరకలేదు.

సెప్టెంబర్ 14, ఆదివారం. జమ్మలమడుగు

బస్సులో కిటికీ పక్కన కూచున్నా. దారి పొడుగునా గండికోటకు పోయే కర్ణాటక నంబరు కార్లు. మేం ఆటలాడిన సెంటర్ భాయ్‌ది. ఆయన దుకాణం ఇప్పుడు జిరాక్సు, రీచార్జీ. ఇరవై ఏండ్ల కిందట అదే గదిలో ఆరు మిషన్లు, గంటకు 15 రూపాయలు. రోడ్ రాష్, వర్చువా కాప్ 2, ఎన్‌ఎఫ్‌ఎస్ 2, ఆ తర్వాత ఐజీఐ. మధ్యలో కరెంటు పోతే మిగిలిన నిమిషాలు నోటుబుక్కులో రాసిపెట్టి, మళ్లీ వచ్చినప్పుడు ఆడించేవాడు. ఆ నోటుబుక్కులో మాట ఏనాడూ తప్పలేదు.

"మిద్దె మీద ఉండాయి సామీ, సూస్కో" అన్నాడు. పదిహేడంగుళాల గాజు మానిటర్, మిద్దె మెట్లు దించేసరికి ఇద్దరికీ నడుములు పట్టినాయి. ఒక సౌండ్‌బ్లాస్టర్ 16. సింగపూర్‌కు చెందిన సిమ్ వాంగ్ హూ కంపెనీ 1989లో మొదలుపెట్టిన వంశం అది. బీరువా అడుగున ఒక జిప్పు సంచి. అందులో సీడీలు.

దాదాపు అన్నీ చేతిరాతవే. ఒక్కటి మాత్రం అచ్చు సీడీ: క్వేక్. 1997లో వాళ్లన్న కువైట్ నుంచి తెచ్చినాడంట. కువైట్ నుంచి బంగారం, అత్తరు, దుప్పట్లు రావడం మా జిల్లాలో మామూలే. క్వేక్ వచ్చిందని ఇప్పుడే వింటాండా. గీత ఒక్కటీ లేదు.

"ఇంత కొత్తగా ఎట్లుంది భాయ్?"

"ఒకసారి కాపీ చేసుకున్నా, బీరువాలో పెట్టినా. పిల్లోళ్ల చేతికి సీడీ ఇస్తే మిగులుతాదా?"

ఆరు మిషన్లలోనూ హార్డ్‌డిస్కు మీద కాపీనే ఆడింది. అది విన్నాక నాకొక అనుమానం మొదలైంది. భాయ్‌కి చెప్పలేదు.

సెప్టెంబర్ 22, సోమవారం. ప్రొద్దుటూరు

దసరా మొదలు. అమ్మవారిశాల వీధిలో లైట్లు. సౌండ్‌కార్డు కూచుంది. ముందు ప్రిన్స్ ఆఫ్ పర్షియా.

1998లో డీసీఏ నేర్చుకునే ఇన్‌స్టిట్యూట్‌లో దీన్ని ఆడినా. అక్కడ సౌండ్‌కార్డు ఎవరికుంది? డబ్బా లోపలి బుడ్డ స్పీకరు కీచుమనేది. మేం ఆడిన కాపీలో ఎవరో తాళం తీసేసినారు. అసలు ఆటలో మొదటి లెవెల్ దాటినాక ఒక గది వస్తుంది. నిండా సీసాలు, ఒక్కో సీసా మీద ఒక ఇంగ్లీషు అక్షరం. పుస్తకంలో ఫలానా పేజీ, ఫలానా వరస, ఫలానా మాట మొదటి అక్షరం ఏదో ఆ సీసానే తాగాల. తప్పు సీసా తాగితే ప్రాణం తగ్గుతుంది. ఆట కొన్నోనికే పుస్తకం ఉంటుంది కాబట్టి అది దొంగ కాపీలకు కాపలా. ఆ గదిని నేను ఈ రోజే చూసినా. ఇన్నేండ్లూ మాకు మొదటి లెవెల్ తలుపు నేరుగా రెండోదాంట్లోకి తెరుచుకునేది.

డాస్ మొదటి వెర్షన్‌లో మోసానికి కొట్టాల్సిన మాట "మెగాహిట్". ప్రిన్స్ అని కొట్టి, ఖాళీ వదిలి, మెగాహిట్. సినిమా పిచ్చోళ్ల ఊర్లో ఈ మాట ఎవరూ మర్చిపోరు. ఇన్‌స్టిట్యూట్‌లో ఎక్సెల్ షార్ట్‌కట్లు రానోనికి కూడా ఇది వచ్చేది.

ఇప్పుడు కార్డులోంచి సంగీతం వచ్చింది. జోర్డన్ మెక్నర్ 1985లో పని మొదలుపెట్టి 1989లో ఆపిల్-2 మీద బయటపెట్టిన ఆట ఇది, డాస్‌కు మరుసటేడు వచ్చింది. తమ్ముడు డేవిడ్‌ను పరిగెత్తించి, దూకించి, వీడియో తీసి ఆ కదలికల్నే రాకుమారునికి పెట్టినాడు. పాటలు కట్టింది వాళ్ల నాయన ఫ్రాన్సిస్. ఆయన వృత్తి మనస్తత్వశాస్త్రం. 2012లో ఆట అసలు కోడ్ ఉన్న ఫ్లాపీలను ఇంట్లోంచి వెతికి పంపింది కూడా ఆ నాయనే. యువరాణి గదిలో ఇసుకగడియారం ప్రత్యక్షమైనప్పుడు వచ్చే ఆ చిన్న ముక్కను రెండుసార్లు పెట్టి విన్నా. కీచుశబ్దంలో దాగింది ఇదా!

సెప్టెంబర్ 28, ఆదివారం

డూమ్. 1993 డిసెంబర్ 10న మొదటి భాగం ఉచితంగా పంచినారు, మిగతా రెండు భాగాలు డబ్బు కట్టినోళ్లకు. మా ఊరికి ఉచిత భాగమే వచ్చింది. ఆట అంతే అనుకున్నాం. చివర తెర మీద వచ్చే ఇంగ్లీషు పేరా చదివే ఓపిక ఎవరికుంది? "అయిపోయింది" అని చెప్పుకున్నాం.

అక్టోబర్ 1, బుధవారం

ఆయుధపూజ. స్క్రూడ్రైవర్లు, సోల్డరింగ్ ఐరన్, కుట్టుమిషన్, స్కూటర్ వరసలో పెట్టి మా ఆవిడ బొట్లు పెట్టింది. పాత మిషన్ దగ్గర ఆగి, "దీనికీ పెట్టల్లా?" అంది. పెట్టమన్నా. సీడీ డ్రైవు తలుపు మీద పెట్టింది, తెరిస్తే కుంకుమ రాలుతాంది.

అక్టోబర్ 5, ఆదివారం

దసరా మెరవణి గోల సద్దుమణిగింది. క్వేక్‌కు చేతులు పెట్టినా.

నా అనుమానం ఇది. ఆ కాలపు చాలా ఆటల్లో సంగీతం ఫైలుగా ఉండదు. మామూలు పాటల సీడీలో మాదిరే ట్రాకులుగా ఉంటుంది. మొదటి ట్రాకు డేటా, రెండోదాన్నుంచి పాటలు. హార్డ్‌డిస్కు మీదికి కాపీ చేసినప్పుడు ఫైళ్లు వస్తాయి, ట్రాకులు రావు. ఆట ఆగదు, ఎర్రర్ చూపదు, సంగీతం లేకుండా నడుస్తుంది. లేదని చెప్పేవాళ్లే ఉండరు.

సీడీ వేసినా చాలదు. డ్రైవు వెనక నాలుగు సూదులుంటాయి: ఎడమ, గ్రౌండ్, గ్రౌండ్, కుడి. అక్కడినుంచి సౌండ్‌కార్డుకు ఒక సన్న తీగ పోవాల. పాట డిజిటల్‌గా ప్రాసెసర్ గుండా పోదు. డ్రైవే పాటగా మార్చి ఆ తీగలో వదులుతుంది. మిషన్లు అసెంబుల్ చేసేవాళ్లు ఆ తీగ ఎక్కడ పెడతారు? డీటీపీ మిషన్‌లో దాని జాడే లేదు. పెద్దాయన దగ్గర కూచొని పాత టేపురికార్డర్ తీగతో ఒకటి చేయించినా.

డాస్‌లో క్వేక్ లేపినా. మొదటి హాలు, నాకు కండ్లు మూసుకున్నా దారి తెలిసిన హాలు. పాట అనలేను దాన్ని. అడుగున ఒక హోరు, లోహం రాసుకున్న చప్పుడు, ఎవరో గోడవతల ఊపిరి తీసినట్టు. నైన్ ఇంచ్ నెయిల్స్ ట్రెంట్ రెజ్నర్ చేసింది. ఆటలో మేకుల పెట్టెల మీద ఉండే ఎన్‌ఐఎన్ గుర్తు వాళ్ల బ్యాండుదే. ఆ పెట్టెలు ఎన్ని వందలు ఏరుకునింటానో, ఆ అక్షరాలేందని ఒక్కరోజూ అనుకోలేదు.

ఇంట్లోవాళ్లు గుండె నొప్పి వచ్చేట్టుందని తలుపు మూయించినారు.

సీడీని హాల్లో ఉన్న పాత ప్లేయర్లో కూడా వేసి చూసినా. రెండో ట్రాకు నుంచి చక్కగా పాడింది. ఒకటో ట్రాకు మాత్రం పెట్టగూడదు, అది డేటా, స్పీకరుకు మంచిది కాదు.

ఎవరో మధ్యలో మోసం చేసినారని అనను. భాయ్ సీడీ దాచింది జాగ్రత్త కొద్దీ, తీగ వేయనోడు పైసలు మిగుల్చుకునేందుకు, ప్రిన్స్ తాళం తీసినోడు తన సరదాకు. ఎవరి లెక్క వాళ్లది. అన్నీ కలిసి మా ఊరికి ఆటలు సగం సగంగా చేరినాయి. ఆ సగాన్నే ప్రేమించినాం. ఈ మిషన్ నా చిన్నతనాన్ని వెనక్కి తెస్తుందని అందరూ అంటాండారు. నాకు అట్ల లేదు. చిన్నతనంలో లేనిదే ఇప్పుడు వినపడతాంది.

అక్టోబర్ 12, ఆదివారం. పులివెందుల

జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా బస్సు. అరటి లారీలు ఎదురొస్తాండాయి. మేనల్లుడు ఇక్కడి జేఎన్టీయూ ఇంజనీరింగ్ కాలేజీలో చదువుతాండాడు. హాస్టల్ పక్కన టీ తాగుతా ల్యాప్‌టాప్ తెరిచినాడు.

"మామా, ఇదంతా దీంట్లోనే అయితాది గదా. డాస్‌బాక్స్ ఏస్తే ప్రిన్స్ వస్తాది. పాత బోర్డే కావాలంటే 86బాక్స్ ఉండాది, మీ బీఎక్స్ బోర్డును కూడా నకలు చేస్తాది."

అబద్ధం కాదు. డాస్ ఆటలకైతే డాస్‌బాక్స్ చాలు, 2002 నుంచి ఉంది. ఎవరన్నా అడిగితే నేను కూడా ముందు అదే చెబుతా. కానీ 86బాక్స్ బోర్డును చిప్పు చిప్పుగా నకలు చేస్తుంది కాబట్టి వాని ల్యాప్‌టాప్‌లో పెంటియం-2ను పూర్తి వేగం దగ్గర నిలబెట్టమంటే చెమటలు పడతాయి. పెట్టి చూపించినాడు. సౌండు ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం.

విండోస్ ఆటల సంగతి వేరే. వాని 64-బిట్ విండోస్‌లో పాత ఇన్‌స్టాలర్లు చాలావరకు లేవవు. ఆట 32-బిట్‌దే అయినా ఇన్‌స్టాలర్ 16-బిట్‌ది ఉంటుంది, గుమ్మంలోనే ఆగిపోతుంది. సేఫ్‌డిస్క్ తాళం ఉన్న సీడీలను మైక్రోసాఫ్టే 2015లో భద్రత పేరుతో పక్కన పెట్టింది. వర్చువా కాప్ 2 ఎట్లో తెరుచుకున్నా, దొంగలు కనురెప్ప పాటులో కాల్చి పోతాండారు. వీళ్ల ప్రాసెసర్ వేగానికి ఆ ఆటకు పట్టపగ్గాల్లేవు.

"నీ మిషన్‌లో దొంగలు నిదానంగా వస్తారా మామా?"

"మర్యాదగా వస్తారు రా అబ్బీ."

సెలవులకు వచ్చి చూస్తానన్నాడు.

అక్టోబర్ 14, మంగళవారం. ప్రొద్దుటూరు

ఈ రోజుతో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ చేయూత ఆగింది. మేం లెక్కలు రాసే గుడ్డల దుకాణంలో షావుకారి మిషన్ 2016ది, బంగారమట్లా పనిచేస్తాంది, విండోస్ 11 మాత్రం దాన్ని గుమ్మం తొక్కనీయదు. "మన సత్య నాదెళ్ల ఉండాడు గదా, ఒక మాట చెప్పగూడదా" అన్నాడు షావుకారి. నాదెళ్ల వాళ్ల నాయన యుగంధర్‌ది అనంతపురం జిల్లా బుక్కాపురం, ఇక్కడికి ఎంతో దూరం లేదు. ఊరు దగ్గరయినంత మాత్రాన సర్వీసు పొడిగిస్తారా?

అక్టోబర్ 26, ఆదివారం

భాయ్ కొడుకుతో వచ్చినాడు. క్వేక్ పెట్టి సౌండ్ పెంచినా. నిలబడి విన్నాడు, కూచొని విన్నాడు. మెచ్చుకుంటాడని ఎదురుచూస్తాండా.

"తీసెయ్ సామీ. ఇది ఉంటే ఆ ఓగ్రే రాక్షసుని రంపం యాడ మోగుతాందో వినపడదు. మా సెంటర్లో నిశ్శబ్దంగా ఉండేది, అందుకే భయమేసేది. ఆరు ఫ్యాన్ల చప్పుడు, మధ్యలో రంపం. అదీ క్వేక్ అంటే."

నేను ఒప్పుకోలేదు. ఆయనా ఒప్పుకోలేదు. చివరికి మెనూలోకి పోయి సీడీ సంగీతం సున్నాకు తగ్గించి ఆయనకు కీబోర్డు ఇచ్చినా. మూడో లెవెల్ దాకా ఒక్కసారి కూడా చావలేదు, వేళ్లు ఏమీ మర్చిపోలేదు.

పిల్లోడు పక్కన కూచొని కాసేపు చూసి, "అంకుల్, దీంట్లో వైస్ సిటీ వస్తాదా?" అన్నాడు.

రాదు నాయనా. అది కంప్యూటర్లకు వచ్చింది 2003లో. కనీసం 800 మెగాహెర్ట్జ్, 32 ఎంబీ గ్రాఫిక్స్ కార్డు అడుగుతుంది, ఇది 500. మీ నాయన మిద్దె మీద ఇంకో డబ్బా ఉండాదంట, తెల్లది, పెంటియం-4. మెట్లు దించేది మాత్రం ఈసారి నువ్వు పట్టాల అని చెప్పినా.